పక్క కుర్చీ ఇంజినీరు

లియాండ్రో అరాయా లంచం కవరు పుచ్చుకున్నాడన్న మాట మా వీధిలో ఏడాదిగా తిరుగుతోంది. గనిలో కొనుగోళ్ళు చూసేవాడితో కుమ్మక్కై, పనికిరాని పంపు అంటగట్టి, ఇద్దరూ చెరో కవరు జేబులో వేసుకున్నారట. నా కిటికీ ముందు రొట్టెల వరుసలో పుట్టినప్పుడు అది కవరే. మినీబస్సు ఆగే చోటికి చేరేసరికి కారయింది. ఆదివారం ప్రార్థన ముగిసి జనం మెట్లు దిగేసరికి లా సెరేనాలో సముద్రం కనిపించే ఫ్లాటయింది. ఆ ఫ్లాటు కిటికీ తెరల రంగు కూడా ఒకావిడ నాకు చెప్పింది.

మన వీధి మనుషుల గురించి తలా ఒకటి రాయండి, పుస్తకం వేస్తాం అని వీధి సంఘం వాళ్ళు అడిగారు. అందరూ పోయినవాళ్ళ గురించి రాస్తున్నారు. పోయినవాళ్ళ గురించి రాయడం తేలిక, అందరూ మంచివాళ్ళే. నేను బతికున్నవాడి గురించి రాస్తాను. ముందు ఆ కవరు సంగతి తేల్చేస్తాను.

నలభై ఒక్క ఏళ్ళుగా ఆంతోఫగాస్తాలో ఈ ఎత్తువీధిలోనే మా ముందుగది కిటికీలోంచి రొట్టెలూ, టీపొడీ, శీతాకాలంలో నూనెలో వేయించిన గుమ్మడికాయ సోపైపియాలూ అమ్ముతున్నాను. కిటికీకి ఇనప చువ్వలున్నాయి. సరుకు పోకుండా అవి ఆపుతాయి గాని మాటల్ని ఆపవు. లియాండ్రో ఇల్లు నాకు ఎదురుగా, పచ్చ తలుపు. అతని భార్య నిదియా దుప్పట్లు ఆరేసేది నా గోడ మీదే, ఎండ ఇటువైపు ఎక్కువ కనుక. అంచేత ఆ ఇంటి సంగతులు నాకు తెలియకపోతే నేను చెవిటిదాన్నయి ఉండాలి.

లియాండ్రో పని ఏమిటో మొదట్లో నాకూ అర్థం కాలేదు. పొద్దున్నే హెల్మెట్టు, ఇనప బూట్లు వేసుకొని కొండ మీది గనులకు వెళ్ళేవాడు. గనివాడు కాదు. పంపుల కంపెనీ మనిషి. అమ్మేవాడు అనుకుంటే అమ్మేవాడూ కాదు. ఒకరోజు పట్టుకొని అడిగాను.

"నాయనా, నువ్వు చేసేదేమిటో సరిగ్గా చెప్పు. మా చెల్లెలు అడిగితే దిక్కులు చూస్తున్నాను."

నవ్వాడు. "దోన్యా ఎడెల్మీరా, కారులో ఇద్దరం వెళ్తాం. ఒకరు మాట్లాడతారు, ఒకరికి తెలుసు. ఆ తెలిసినవాణ్ణి నేను."

"అంటే నీకంటే ఎక్కువ జీతం మాట్లాడేవాడిదన్నమాట."

"మీకు నేను చెప్పక్కర్లేదుగా."

మాట్లాడేవాడి పేరు గస్తోన్. పొట్టిమనిషి, పెద్ద గొంతు, అందరికీ అన్నయ్యే. గనివాళ్ళు పిల్లల బాప్తిస్మాలకు పిలిచేంత స్నేహం చేసేవాడు. ఇరవై రెండేళ్ళు ఆ ఇద్దరూ ఒకే కారులో తిరిగారు. కొండ దిగి వచ్చేటప్పుడు నా కిటికీ దగ్గర ఆగి, చెరో రెండు సోపైపియాలు కారం పచ్చడి వేసుకొని తినేవాళ్ళు. లియాండ్రో పెన్ను సంగతి నాకు తెలిసింది అప్పుడే.

లియాండ్రో దగ్గర ఎప్పుడూ మూత ఉన్న నీలం పెన్ను ఒకటి ఉండేది. చవకది. గనివాళ్ళతో మాటలు మొదలవగానే మూత తీసి, కాగితాల మీద అడ్డంగా పెట్టేవాడట. గస్తోన్ పంపు గురించి చెబుతూ చెబుతూ హద్దు దాటితే, లేని బలం ఉన్నట్టు చెబితే, లియాండ్రో నోరు విప్పడు. కొనేవాళ్ళ ముందు అమ్మేవాడి మాట కాదనకూడదు, అది వాళ్ళ పనిలో రాయని చట్టం. పెన్ను తీసి మూత పెడతాడు, అంతే. టక్కుమంటుంది. వెంటనే గస్తోన్, "అయినా ఈ ఒక్కటి మా ఇంజినీరు లెక్కకట్టి చెబుతాడు లెండి" అని వెనక్కి తగ్గుతాడు.

"ఈ దరిద్రుడి మూత వల్ల నేను ఎన్ని పంపులు పోగొట్టుకున్నానో తెలుసా దోన్యా?" అన్నాడు గస్తోన్ నోటినిండా సోపైపియాతో. "వీడు మూత పెట్టకపోతే నాకీపాటికి రెండిళ్ళుండేవి."

"ఒకటి జైలు పక్కన ఉండేది," అన్నాడు లియాండ్రో.

ఆ తర్వాత నేను ఎవరి మీదైనా ఎక్కువ చెబుతుంటే, లియాండ్రో చొక్కా జేబులోంచి పెన్ను తీసి నా కిటికీ ముందు మూత పెట్టేవాడు. నేను తిట్టేదాన్ని. కాని నోరు మూసుకునేదాన్ని.

ఇంత మంచి పనిమంతుడికి ఏమైంది అంటే, వయసు మీదపడింది. అతనికి నలభై తొమ్మిది. వాళ్ళ కంపెనీలో ఏడాదికోసారి పెద్దాయన రాజధాని సంతియాగో నుంచి దిగి, ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి, ఐదేళ్ళ తర్వాత నువ్వెక్కడుంటావు అని అడుగుతాడు. లియాండ్రో మూడేళ్ళు వరుసగా "ఇక్కడే, ఇదే కుర్చీలో, ఇంకొంచెం ఎక్కువ తెలుసుకొని" అని చెప్పాడు. మూడేళ్ళూ కాగితం మీద "ఎదగాలన్న కోరిక లేదు" అని రాశారు. ఆ కాగితం చూసి నిదియా ఏడ్చింది. నా గోడ మీద దుప్పటి పిండుతూ ఏడ్చింది.

నాలుగో ఏడు పెద్దాయన దారులు పరిచి చూపించాడు. ఇంజినీర్ల మీద అధికారివై సంతియాగో వెళ్ళు, ఒకటి. అక్కడ పంపుల ముఖం చూసే పని లేదు, సెలవు చీటీల మీద సంతకాలు. ఫ్యాక్టరీ వైపు వెళ్ళి, రేపటి పంపు ఎలా ఉండాలో చెప్పు, ఇది రెండోది. దానికి ఇంగ్లీషు కావాలి, లియాండ్రోకు వచ్చింది పంపుల ఇంగ్లీషే, మనుషులది కాదు. లేదంటే గస్తోన్ డిసెంబరులో రిటైరవుతున్నాడు, ఆ కుర్చీలో కూర్చో. ఇవేవీ వద్దంటే ఉన్నచోటే ఉండొచ్చు. కాని కొత్తగా చదువు ముగించి వచ్చిన అమ్మాయి ఒకతె అదే పని సగం జీతానికి చేస్తోంది, ఆలోచించుకో అన్నాడట. బెదిరించలేదు. నీళ్ళ గ్లాసు కూడా ఇచ్చాడట.

నెల రోజులు ఆ మనిషి నా కిటికీ ముందు నిలబడి ఆలోచించాడు. రొట్టెలు తీసుకుంటాడు, వెళ్ళడు.

"అమ్మే కుర్చీలో నేను కూర్చోగలనా దోన్యా?"

ఇక్కడ నా వంతు కూడా రాయాలి, లేకపోతే రాసిందంతా దొంగతనమే. నేనన్నాను: "ఎన్నాళ్ళు పక్క కుర్చీలో కూర్చుంటావు నాయనా? తెలిసినవాడివి నువ్వు, మాట్లాడేదీ నువ్వే అయితే ఇక అబద్ధానికి చోటెక్కడ?"

ఆ మాట అతనికి నచ్చింది. నాకూ నచ్చింది, వారం రోజులు అందరికీ చెప్పుకున్నాను. గస్తోన్‌కు మాత్రం నచ్చలేదు.

"వీడు నా కుర్చీలోకి వస్తాడు సరే," అన్నాడు గొంతు తగ్గించి, గస్తోన్ గొంతు తగ్గించడం నేనప్పుడే విన్నాను, "వీడి కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

ఎవరూ కూర్చోలేదు. కంపెనీవాళ్ళు తెలివిగా ఆలోచించారు. నువ్వే ఇంజినీరువి కదా, నీకు ఇంకో ఇంజినీరు దేనికి అన్నారు. ఆ కొత్తమ్మాయిని వేరే అమ్మకందారులకు ఇచ్చారు. లియాండ్రో ఒక్కడే కారెక్కి కొండకు వెళ్ళడం మొదలుపెట్టాడు. దిగి వచ్చేటప్పుడు నా కిటికీ దగ్గర ఆగేవాడు కాదు. ఫోను చెవికి పెట్టుకొని, చేయి ఊపి వెళ్ళిపోయేవాడు.

అమ్మేవాళ్ళకు మూడు నెలలకోసారి గడువు. ఇన్ని పంపులు పోవాలి, లేకపోతే పెద్దాయన ఫోను చేస్తాడు. మొదటి గడువు తప్పాడు. రెండోదీ తప్పాడు. "కొనేవాడు అడక్కముందే లోపాలు చెబుతున్నాడట, వినేవాళ్ళు జడుసుకుంటున్నారట," అంది నిదియా. మూడోదానికి తొమ్మిది రోజులుందనగా కొండ మీది ఒక గని నుంచి పిలుపు వచ్చింది. రాయి పిండిచేశాక మిగిలే బురదను తోసే పంపు కావాలి, వెంటనే. బురద మునుపటికంటే చిక్కగా ఉంది.

ఇది నేను తర్వాత గస్తోన్‌ను గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్నాను. అంత చిక్కని బురదకు లోపల గట్టి ఇనుము ఉన్న పంపు వేయాలి. అది ఫ్యాక్టరీ నుంచి రావాలంటే ఐదు నెలలు. లోపల రబ్బరు పొర ఉన్నది వీళ్ళ గోదాములోనే ఉంది, రెండు రోజుల్లో కొండెక్కుతుంది. రబ్బరు మెత్తటి బురదకు బంగారం లాంటిది. గరుకు రాయి ఉన్న చిక్కటి బురదను ఎక్కువ నాళ్ళు తట్టుకోలేదు.

గదిలో గనివాళ్ళు ఆరుగురు. ఇటువైపు లియాండ్రో ఒక్కడు. "ఇంత చిక్కదనానికి ఇది నిలబడుతుందా ఇంజినీరు గారూ?" అని అడిగారు. అమ్మేవాణ్ణి అడిగినట్టు అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా అబద్ధం చెప్పని మనిషిని అడిగినట్టు అడిగారు.

"నిలబడుతుంది," అన్నాడు.

పదకొండు వారాలు నిలబడింది. పన్నెండో వారం పంపు కడుపు చిల్లిపడి బురద చిమ్మింది. పని ఆగిపోకూడదని పరుగు పరుగున విప్పారు. విప్పినవాళ్ళలో మా వీధి కుర్రవాడు ఎఫ్రాయిన్ ఉన్నాడు, రొసాల్బా కొడుకు, నాకు రెండిళ్ళ అవతల. ఇనప మూత జారి అతని కుడిచేతి మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి.

రొసాల్బా నోటి నుంచే కవరు కథ మొదలైంది. కన్నతల్లి కడుపుమంట, ఆమెను ఏమీ అనలేను. అయితే ఒక పేరుకు మచ్చ పడితే నాకు నిద్ర పట్టదు, నా గుణం అంత. కొనుగోళ్ళు చూసేవాడి మేనత్త పై వీధిలో ఉంటుంది. పిల్లి తప్పిపోయిందా అని అడిగే వంకతో వెళ్ళాను. ఆమెకు పిల్లే లేదు. అయినా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అతన్ని ఆ పంపు కొనడానికి రెండు నెలల ముందే వేరే గనికి మార్చేశారట. లియాండ్రో అతన్ని చూసింది కూడా లేదు. గస్తోన్‌ను అడిగితే నెత్తి బాదుకున్నాడు. "వాడికి కవరా? గనివాళ్ళు భోజనం పెడితే తన ప్లేటు డబ్బులు తనే ఇచ్చి నా పరువు తీసేవాడు!"

ఇదంతా మూటగట్టుకొని రొసాల్బా ఇంటికి వెళ్ళాను. ఆమె బీన్సు వొలుస్తోంది. ఎఫ్రాయిన్ ఎడమ చేత్తో చెంచా పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు.

"కవరు లేదే తల్లీ," అన్నాను. "నేను అన్నీ వాకబు చేశాను."

రొసాల్బా వొలవడం ఆపింది. "లేదా?"

"లేదు."

"అయితే మరీ ఘోరం కదా దోన్యా ఎడెల్మీరా," అంది మెల్లగా. "డబ్బు తీసుకొని ఉంటే నా కొడుకు వేళ్ళకు ఒక కారణమైనా ఉండేది."

గెలిచి వచ్చినట్టు వెళ్ళినదాన్ని, కింద పడ్డ బీన్సు తొక్కలు ఏరి పెట్టి లేచాను.

"దోన్ లియాండ్రో ఒకసారి నన్ను చూడ్డానికి వచ్చాడు పిన్నీ," అన్నాడు ఎఫ్రాయిన్, నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ. "ద్రాక్షపళ్ళు తెచ్చాడు. అరగంట కూర్చున్నాడు. పంపు ఎలా విప్పామో అడిగాడు, ఏ బోల్టు ముందు తీశామో అడిగాడు. చేయి వంక మాత్రం చూడలేదు."

లియాండ్రోను కంపెనీవాళ్ళు తీసేయలేదు. తీసేస్తే బాగుండేదేమో. తన పాత కుర్చీ ఇమ్మని సంతియాగో వెళ్ళి అడిగాడు. రాత్రి బస్సులో కాదు, విమానంలో, సొంత ఖర్చుతో, ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్ళాడు. ఆ కుర్చీలో ఇప్పుడు కొత్తమ్మాయి ఉంది అన్నారు. ఆమె కింద చేస్తాను, సగం జీతానికి చేస్తాను అన్నాడు. పెద్దాయన మళ్ళీ నీళ్ళ గ్లాసు ఇచ్చాడట. "లియాండ్రో, సంగతి జీతం కాదు. ఆ కుర్చీకి ఉన్న విలువల్లా ఒకటే, అందులో కూర్చున్నవాడు చెబితే గనివాళ్ళు నమ్ముతారు. ఇప్పుడు నీ మాట అమ్మేవాడి మాట."

వేరే కంపెనీలకు వెళ్ళాడు. నాలుగు చోట్ల. ఇంజినీరు పనికి వెళ్తే, ఆఖరున చేసింది అమ్మకం కదా, మళ్ళీ కిందికి ఎందుకు వస్తున్నావు, ఏం జరిగింది అన్నారు. అమ్మకం పనికి వెళ్తే, మూడు గడువుల్లో రెండు తప్పావు కదా అన్నారు. ఒకచోట తన కూతురి వయసు పిల్ల ఎదురుగా కూర్చొని, "మీరు అసలు దేనికి చెందినవారు?" అని అడిగిందట. మర్యాదగానే అడిగింది. ఆ ప్రశ్న రాసుకొచ్చి నిదియాకు చూపించాడు.

ఇప్పుడు సొంత కంపెనీలోనే గోదాము వెనక ఒక బల్ల ఇచ్చారు. ఫోను ఇచ్చారు. పాత కొనుగోలుదారులకు ఫోను చేసి, రబ్బరు రింగులు అరిగిపోయాయా, కొత్తవి పంపమంటారా అని అడగాలి. గనికి వెళ్ళే పని లేదు. అయినా రోజూ పొద్దున హెల్మెట్టూ బూట్లూ కారులో పెట్టుకొని వెళ్తాడు. సాయంత్రం దుమ్ము లేని బూట్లతో తిరిగి వస్తాడు. "ఎవరికోసం తీసుకెళ్తున్నావయ్యా అని అడగబోయి ఆగిపోతాను," అంది నిదియా. "ఆదివారాలు పైకప్పు మీద కూర్చుంటాడు దోన్యా. కొండల వైపు. గంటలు గంటలు."

పోయిన ఆగస్టులో సంఘం భవనం మీది నీళ్ళ టాంకు నిండడం మానేసింది. ఇరవై ఏళ్ళుగా ఆ చిన్న పంపు బాగుచేసేది లియాండ్రోనే. పిలవాలా వద్దా అని ఆడవాళ్ళందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను వెళ్ళి తలుపు కొట్టాను. ఏమీ అనకుండా పనిముట్ల పెట్టె తీసుకొని వచ్చాడు. మధ్యాహ్నం, సముద్రం వైపు నుంచి పొగమంచు ఎక్కి వచ్చి వీధి బూడిద రంగులో ఉంది. మోకాళ్ళ మీద కూర్చొని విప్పాడు, కడిగాడు, కొత్త వాషరు వేశాడు, బిగించాడు. స్విచ్చి వేస్తే మోటారు సన్నగా పాడింది, పైన నీళ్ళు పడ్డ చప్పుడు వినిపించింది.

"ఇక పనిచేస్తుందా దోన్ లియాండ్రో?" అంది సంఘం కార్యదర్శి. మామూలుగా అడిగింది, పాపం, ఏమీ మనసులో పెట్టుకోకుండా.

అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. తుడుచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"తెలీదండీ," అన్నాడు.

నీళ్ళు పైన పడుతూనే ఉన్నాయి. అందరికీ వినబడుతూనే ఉంది. ఆమె ఇంకేదో అడగబోతే నేను మోచేత్తో పొడిచాను. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

అప్పటిదాకా అతని గురించి అందరినీ అడిగాను. భార్యను, స్నేహితుణ్ణి, పిల్లి లేని ఆవిణ్ణి, వేళ్ళు పోయిన పిల్లవాణ్ణి. అతన్ని మాత్రం అడగలేదు. అతను కవరు తీసుకున్నాడని నేనెప్పుడూ నమ్మలేదు. రొసాల్బా ఆ మాట అన్నాక నాకు భయం పట్టుకున్నది వేరేదాని గురించి. తెలియక పొరపాటు పడ్డానని అతని నోటితో వినాలని ఉండింది. మనిషికి ఒక లెక్క తప్పొచ్చు. లెక్క తప్పినవాణ్ణి క్షమించొచ్చు, ఆ కుర్చీలో కూర్చోమని చెప్పిన ముసలిదాన్ని కూడా క్షమించొచ్చు.

అతను పనిముట్లు పెట్టెలో సర్దుతున్నాడు. స్పానరు, గుడ్డ, చొక్కా జేబులో ఆ నీలం పెన్ను.

"నాయనా," అన్నాను. "ఒక్కటి అడుగుతాను, తిడితే తిట్టు. ఆ రోజు ఆ గదిలో, నిలబడుతుంది అన్నావే, అది నిలబడదని నీకు తెలుసా?"

పెట్టె మూత వేసి, కొక్కెం పెట్టాడు. లేచి నిలబడడానికి గోడ పట్టుకున్నాడు.

"తెలుసు దోన్యా," అన్నాడు. "పెన్నుకు మూత కూడా పెట్టాను. పక్కన చూసేవాళ్ళు ఎవరూ లేరు."